పన్నెండో ఆవు

కరువు సహాయ కార్యాలయం వరండాలో ఉదయం ఏడింటికే బారులు తీరిన మనుషుల నడుమ, చంకన రేకు డబ్బాతో నిలబడిన ముసలాయనను ఊళ్లో అందరూ నిక్కచ్చి అనేవారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉన్నది గాని, అరవై ఆరేళ్ల నడవడిక దానిని మరుగున పడవేసింది. పాలలో నీళ్లు కలపకపోవడం ఆయనకు గొప్ప కాదు; కలపలేదని ప్రమాణం చేయవలసి రావడమే తలవంపు. కొలిచి పోశాక కొలపాత్ర అంచున నిలిచిన చుక్కను సైతం వేలితో తీసి కొన్నవారి గిన్నెలోనే రాల్చేవాడు. అటువంటి మనిషికి ఇప్పుడు పోయడానికి పాలే లేవు. వాన మొహం చాటేసి మూడేళ్లయింది. మొదటి ఏడు గడ్డి ఎండింది, రెండవ ఏడు బావి ఎండింది, మూడవ ఏడు ఇరవై మూడు ఆవుల మందలో పద్నాలుగు నేలకొరిగాయి.

ఆయన వంతు వచ్చేసరికి పదకొండు దాటింది. బల్ల అవతలి గుమస్తా చిన్నవాడే గాని, పొద్దుటి నుంచి వింటున్నవన్నీ చావు కబుర్లే కావడం వల్ల ముఖాన వయసుకు మించిన వడలిక కనిపించింది. నిక్కచ్చి డబ్బా మూత తీసి బల్లపై పెట్టాడు. అందులో పసుపుపచ్చని చెవిపోగులు పద్నాలుగు: పశువు చెవికి సర్కారు బిగించే, అంకెలు వేసిన ప్లాస్టిక్ బిళ్లలు. ఒక్కొక్క దానిని కడిగి, తుడిచి, ఏ ఆవు ఏ రోజున చనిపోయిందో చీటీపై రాసి, దారంతో కట్టి ఉంచాడు.

గుమస్తా ఒకదానిని ఎత్తి చూశాడు. "ఇవి మీ చేతికెలా వచ్చాయి పెద్దాయనా?"

"చచ్చిపోయిన ఆవులవి బాబూ. కోసి తెచ్చాను."

"అదే అడుగుతున్నా. చెవిలో ఉండాల్సినవి డబ్బాలోకి ఎందుకొచ్చాయని."

నిక్కచ్చి జేబులోంచి మడతలు అరిగిన అట్టకార్డు తీశాడు. చెవిపోగులు మొదటిసారి వేసిన నాడు ఇచ్చిన కార్డు అది. దాని వెనుక అచ్చక్షరాలలో ఉన్నది: పశువు మరణించినచో పోగును తొలగించి కార్యాలయమునకు అప్పగించవలెను. ఆ వాక్యాన్ని ఆయన పద్నాలుగు సార్లు శిరసావహించాడు. చనిపోయిన ప్రతి ఆవు పక్కన మోకాళ్లపై కూర్చుని, చెవి చిరగకుండా కత్తెరతో పోగు కొన తుంచి, ఆ తరువాతనే గోతిలోకి దింపించాడు.

గుమస్తా చదివి కార్డు వెనక్కి తోశాడు. "ఇది పశువుల లెక్కల వాళ్లది. మాది కరువు సహాయం. మా రూలు ప్రకారం చచ్చిన పశువు చెవికి పోగు ఉండగా ఫొటో తీయాలి. పోగు బయటుంటే పశువుని అమ్మేసినట్టే లెక్క."

"సర్కారు ఒకటే కదా బాబూ?"

"సర్కారు ఒకటే పెద్దాయనా. బల్లలు వేరు." అతడు గొంతు తగ్గించాడు. "మీ మీద అనుమానంతో కాదు. పోయిన నెల ఒకాయన ఇలాగే ముప్పై పోగులు తెచ్చాడు. ఆవులన్నీ కబేళాకి తోలేసి, చెవులు మాత్రం కరువులో చచ్చాయన్నాడు."

వెనుక వరుసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు తనను ఉద్దేశించినదని నిక్కచ్చి అనుకున్నాడు. బతుకంతా ఏ మచ్చకు దూరంగా నడిచాడో ఆ మచ్చ, దొంగ తెచ్చిన డబ్బాకూ తన డబ్బాకూ తేడా లేకుండా, ఈ బల్లమీద ఇప్పుడు తన ఎదుటనే ఉన్నది. అయినా ఆయన కదలలేదు; ఇంటి దగ్గర తొమ్మిది ఆవులు బతికి ఉన్నాయి.

సహాయం ఎలా అందుతుందో గుమస్తా వేళ్లు మడిచి చెప్పాడు. మందలో సగానికి పైగా చనిపోయినట్టు రుజువైతే, మిగిలినవాటికి వానలు పడేదాకా వారం వారం గడ్డిమోపులు ఇంటిముందు దింపుతారు. ఆయన మందకు ఆ సగం పైచిలుకు అంటే పన్నెండు. పన్నెండు రుజువు కాకపోతే పేరు జాబితాకు ఎక్కదు. ఆ జాబితా శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి మూసేస్తారు. ఆ రోజు మంగళవారం.

"తవ్వి చూపిస్తే?" అన్నాడు నిక్కచ్చి.

గుమస్తా కలం కింద పెట్టాడు. "గోతులా?"

"గోతులే. చెవికి పోగు రంధ్రం ఉంటుందిగా."

గుమస్తా లేచి లోపలి గదిలోకి వెళ్లి, చాలాసేపటికి తిరిగి వచ్చాడు. "డాక్టరమ్మ దగ్గరుండి, ఒక్కోదానికి రంధ్రం కనబడేలా ఫొటో తీసి సంతకం పెడితే ఒప్పుకుంటారట. ఇంతవరకు ఎవరూ అడగలేదు." కుర్చీలో కూర్చుంటూ, "అంత పని చేయగలరా మీరు?" అన్నాడు.

ఆయన డబ్బా మూత బిగించి చంకన పెట్టుకున్నాడు.

ఇంట్లో ఉన్నది చెల్లెలు ఒక్కతే. భర్త చనిపోయిన ఏడాదే అన్న గడప తొక్కి, ముప్పై ఏళ్లుగా ఆ పాకలోనే పేడ ఎత్తుతూ, ఆ పొయ్యి దగ్గరే వండుతూ, అన్న మాట్లాడని మాటలు కూడా తానే మాట్లాడుతూ వచ్చింది. జరిగింది విని, చేతిలోని చేట నేలకేసి కొట్టింది.

"పోగు కొయ్యకు, కొయ్యకు అని మొత్తుకున్నానా లేదా? కార్డు వెనకాల రాశారట! ఆ కార్డు వెనకాల రాసినవాడు ఎప్పుడో రిటైరై మనవల్ని ఆడించుకుంటుంటాడు."

"రాసి ఉన్నప్పుడు చెయ్యాలి కదే."

"పురాణాల్లో నిజం పట్టుకు వేలాడినవాళ్లకి చివర్లో అన్నీ తిరిగొస్తాయి అన్నయ్యా. మనది పురాణం కాదు, దరఖాస్తు."

ఆయన నవ్వబోయి మానుకున్నాడు. పాకలో తవుడు రెండు బస్తాలున్నది. ఆవుకు పూటకు ఒక ముంత చొప్పున నీళ్లలో కలిపి పోస్తే రెండు వారాలు వస్తుంది. ఆ లెక్క ఇద్దరికీ తెలుసు గనుక ఇద్దరూ దానిని పైకి అనలేదు.

బుధవారం తెల్లవారగానే మట్టి తవ్వే యంత్రం వచ్చింది. దానిని నడిపేవాడు దూరపు మేనల్లుడు. ఆ గోతులు తవ్విందీ వాడే. ఎండిన వాగు ఒడ్డున ఒకే వరుసలో, ఒకే ఎడంతో ఉన్న పద్నాలుగు దిబ్బలను చూసి తల గోక్కున్నాడు.

"ఊళ్లో అందరూ మూడడుగులు చాలన్నారు మామయ్యా. నువ్వొక్కడివే కర్ర పెట్టి కొలిచి ఆరడుగులు తవ్వించావు. ఇప్పుడు నీ నిక్కచ్చితనానికి నా డీజిల్ హారతి కర్పూరమైపోయేలా ఉంది."

"మూడడుగులైతే కుక్కలు లాగుతాయిరా."

"కుక్కలు లాగినవాళ్లకి ఫొటోలు దొరికాయి. అది సంగతి."

పశువుల డాక్టరమ్మ తొమ్మిదింటికి వచ్చింది. ఇరవై ఊళ్లకు ఒక్కతే కావడం వల్ల వేళ్ల సందుల్లో మందు మరకలు, కళ్లలో నిద్రలేమి. పని ఏమిటో ముందే తెలిసి, ముక్కుకు గుడ్డ కట్టుకునే బండి దిగింది.

మొదటి మూడు గోతుల్లో ఎముకలు తప్ప మరేమీ లేవు. ఆ మూడూ చనిపోయిన రోజుల్లో సున్నం దొరకలేదు. మట్టి తన పని తాను చేసింది. పుర్రెలు ఉన్నాయి గాని చెవులు లేవు. "ఎముకలు ఎవరి ఆవువో నేను రాయలేను తాతగారూ," అన్నది ఆమె. ఆయన తలాడించి, కింద పడిన ఒక కొమ్మును తిరిగి పుర్రె పక్కనే పెట్టాడు.

నాలుగవది మొదలు సున్నం కప్పినవి. ఆ పొడి మట్టిలో, సున్నం కింద, అవి కుళ్లలేదు, చెక్కబారాయి. చర్మం బల్లపరుపుగా ఎముకను అంటుకుని, కనుగుంటలు లోతుకు పోయి, తమను ఎందుకు లేపారని అడుగుతున్నట్టు పెదవులు పళ్ల మీది నుంచి వెనక్కి ముడుచుకున్నాయి. చెవులు ఎండుటాకుల్లా గట్టిపడి మిగిలాయి. నిక్కచ్చి గోతిలోకి దిగి, తడిగుడ్డతో ప్రతి చెవినీ తుడిచేవాడు. రంధ్రం బయటపడేది. డాక్టరమ్మ ఫొటో తీసేది. గట్టున చెల్లెలు చీటీ చదివేది: "నల్లమచ్చది. నాలుగు ఈతలు. గిన్నెలో మేత ఉండగానే తినడం మానేసింది." చీటీలో చివరి వాక్యం లేదు; అది చెల్లెలు తన వైపు నుంచి చేర్చినది.

మహనీయులు దేహాన్ని విడిచిన వస్త్రమన్నారు. విడిచిన వస్త్రాన్ని మళ్లీ విప్పి, చిరుగులు వెతికి, ఇదిగో ఇది మాదే అని చూపవలసిన గతి ఆ మాట అన్నవారి ఊహకు వచ్చి ఉండదు. ఆ రెండు రోజులు ఆయన అన్నం ముట్టలేదు. దుర్గంధం వల్ల కాదు. చేతులు ఎన్నిసార్లు కడిగినా పళ్లెంలో పెట్టడానికి మనసొప్పలేదు.

గురువారం పొద్దు వాలేసరికి చివరి గొయ్యి తెరిచారు. డాక్టరమ్మ కాగితాలు లెక్కపెట్టింది, మళ్లీ లెక్కపెట్టింది.

"పదకొండు," అన్నది.

"ఆ మూడు ఎముకల్లో ఒక్కదాన్ని..." అంటూ మొదలుపెట్టాడు మేనల్లుడు.

"చెవి ఫొటో లేనిదే కాగితం ముందుకు పోదు. నా చేతిలో లేదు."

యంత్రం ఇంజను చల్లారుతూ టిక్కు టిక్కుమంటున్నది. ఆ చప్పుడు నడుమ పాక వైపు నుంచి దీర్ఘమైన నిట్టూర్పు వినిపించింది. మంగళవారం నుంచి లేవకుండా పడుకుని ఉన్న ముసలి ఆవు అది. ఒక కొమ్ము కిందికి వంగి ఉండడం వల్ల దానిని వంకరకొమ్ము అనేవారు. డాక్టరమ్మ అలవాటు చొప్పున వెళ్లి, దాని కనురెప్ప ఎత్తి, పక్కటెముకలపై చెయ్యి వేసి, ఊపిరి లెక్కించింది.

"రెండు రోజులు. మూడు కష్టం," అన్నది లేస్తూ. అన్న తరువాత తన మాట తనకే వినిపించినట్టు నిలిచిపోయింది.

చెల్లెలు ఆమె వైపు అడుగు వేసింది. "శనివారం లోపలేనా?"

"అమ్మా..."

"అడిగాను, అంతే."

"సూది వెయ్యమని మాత్రం అడక్కండి. సూదితో పోయినదాన్ని కరువు చావు కింద రాయరు. దానంతట అది పోవాలి." ఆమె గుడ్డ విప్పి సంచిలో కుక్కుకుంది. "శనివారం పదకొండింటికి వస్తాను. ఉంటే... సరే, వస్తాను."

చెవికి పోగుతో సహా పడుకుని ఉన్నది వంకరకొమ్ము. ఈసారి పోగు కోయవలసిన పని లేదు.

మేనల్లుడు యంత్రం ఎక్కాడు. "ఉన్న డీజిల్ ఇంటికి చేరడానికే సరి మామయ్యా. మళ్లీ దొరికాక వచ్చి పూడుస్తా." గోతులు నోళ్లు తెరుచుకుని అలాగే మిగిలాయి.

శుక్రవారం ఉదయం చెల్లెలు తవుడు నీళ్లు కలిపింది. ముంతలు లెక్కించి బాల్చీలో పోసి, అన్నకు అందిస్తూ, ఆయన ముఖం చూడకుండా చెప్పింది.

"ఎనిమిది పోశాను."

ఆయన బాల్చీ తీసుకోలేదు.

"అలా చూడకు. నాకు మాత్రం ఇష్టమా? దాని కాలి తాపుకి నా ముందుపన్ను పోయింది, అయినా రోజూ పేరు పెట్టి పిలిచి మరీ మేత వేశాను. కానీ ఎనిమిది తలకాయలు అన్నయ్యా. ఇవాళో రేపో పోయేదానికి ముంతెడు పోసి, ఎనిమిదింటి నోట్లో మట్టి కొడతావా? చంపమంటున్నానా? ఆపమంటున్నా. దాని దారిన దాన్ని పోనిమ్మంటున్నా."

"నీళ్లు ఆపితే చంపడం కాదా?"

"నువ్వే చెప్పు. అన్నీ తెలిసినవాడివి కదా. ఏ కార్డు వెనకాల రాసుంది?"

ఆయన బాల్చీ అందుకుని పాకలోకి నడిచాడు. వరసనే ఎనిమిదింటికీ పోశాడు. అవి గిన్నె అడుగు వరకు నాకి, నాలుకలతో రేకును రాచాయి. ఆ చప్పుడుకు చివరి గుంజ దగ్గర వంకరకొమ్ము తల కొంచెం ఎత్తింది. ఆయన దాని పక్కగా నడిచి, ఆగకుండా బయటికి వచ్చేశాడు.

వచ్చి అరుగుమీద కూర్చున్నాడు. రోజూ ఆ వేళకు రెండు చేతులు జోడించి కళ్లు మూసుకోవడం ఆయన అలవాటు. ఇవాళ కూడా జోడించాడు. ఏమని కోరాలి? దీనిని బతికించు తండ్రీ అంటే ఎనిమిదింటికి కత్తి. దీనిని తీసుకుపో అంటే, పాలిచ్చి పోషించిన ప్రాణికి చావు కోరిన నోరు ఇదే అవుతుంది. ఇంతకాలం ఆయన ప్రార్థనలు తేలికగా సాగాయి. అందరికీ మేలు చేయమంటే సరిపోయేది. ఆ అందరిలో ఒకరి మేలు మరొకరి మరణమై నిలిచినప్పుడు మాట పెగలలేదు. నీకు తెలిసినది చెయ్యి అనడానికి కూడా జంకాడు, ఆ మాట వెనుక తన మనసు ఏది ఆశిస్తున్నదో ఆయనకు తెలుసు గనుక. ముందు చేతులు విడిపోయాయి, తరువాత కళ్లు తెరుచుకున్నాయి.

ఎండ అరుగు మీదికి పాకింది. గంట గడిచింది. రెండు గడిచాయి. చెల్లెలు బియ్యం ఏరుతూ ఓరకంట చూస్తూనే ఉన్నది.

మధ్యాహ్నం ఆయన లేచాడు. బస్తా మూతి విప్పి, ముంత నిండా తవుడు తీసి, అంచుపైన పోగైనది అరచేత్తో రాసి, అంతే కొలతగా కలిపాడు. వంకరకొమ్ము దగ్గర కూర్చుని దాని తల తొడపై పెట్టుకున్నాడు. మొదటి గుటక పక్కకు కారింది. రెండవది దిగింది. తాగుతున్నంతసేపు అది ఆయననే చూసింది; ఆయన మాత్రం దాని చెవికి ఉన్న పసుపు బిళ్లనే చూశాడు.

బయటికి వస్తే చెల్లెలు వాకిట్లో నిలబడి ఉన్నది.

"పోశావా?"

"పోశాను."

"ఎంత?"

"దాని వంతు."

ముప్పై ఏళ్లలో ఆమె జవాబివ్వకుండా ఊరుకోవడం అదే మొదలు. సాయంత్రం కూడా ఆయన తొమ్మిది ముంతలే కలిపాడు.

శనివారం ఉదయం చెల్లెలు పాకలోకి వెళ్లి, వెళ్లినంత వేగంగా తిరిగి వచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడింది. "అన్నయ్యా, రా. వచ్చి నీ నిర్వాకం చూసుకో."

వంకరకొమ్ము లేచి నిలబడి ఉన్నది. నాలుగు కాళ్లూ వణుకుతున్నాయి, వెన్ను దూలంలా పైకి పొడుచుకు వచ్చింది, అయినా నిలబడే ఉన్నది. పక్క ఆవు గిన్నె అడుగును నాకుతున్నది.

"ఎంత పని చేశావే తల్లీ," అన్నది చెల్లెలు. ఆ మాటలో తిట్టు ఎంతో, ముద్దు ఎంతో విడదీయడానికి వీలులేదు.

పదకొండింటికి డాక్టరమ్మ వచ్చింది. ఫోను చేత పట్టుకునే పాకలోకి అడుగుపెట్టి, "లేచిందే!" అన్నది. క్షణకాలం ఆమె ముఖం వెలిగింది. వైద్యం నేర్చిన మనిషికి సహజమైన సంతోషం అది. వెంటనే ఇద్దరి ముఖాలూ చూసి, ఫోను జేబులో పెట్టుకుంది.

"పన్నెండింటికి ఇంకా గంటుంది," అన్నది చెల్లెలు గోడకేసి చూస్తూ.

నిక్కచ్చి ఆమె వైపు తిరిగాడు.

"ఏం? నేనేం చెయ్యమనలేదు. గంటుందన్నా. గడియారం చూసి చెప్పడం కూడా తప్పేనా?" అంటూనే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేలమీద కూలబడింది.

డాక్టరమ్మ కాగితం మోకాలిపై పెట్టుకున్నది. కలం చాలాసేపు గాలిలోనే ఉన్నది. "తాతగారూ, ఏం రాయమంటారు?"

"చూసినది రాయమ్మా."

ఆమె పదకొండు అని రాసింది. ఆయన కింద సంతకం చేశాడు. పేరులోని ప్రతి అక్షరాన్నీ పూర్తిగా రాశాడు. కాగితం తానే తీసుకువెళ్లి ఇస్తానని, మరొకసారి అడిగి చూస్తానని డాక్టరమ్మ అన్నది. అడిగే ఉంటుంది. సాయంత్రం కార్యాలయం తలుపుకు అంటించిన జాబితాలో ఆయన పేరు లేదు.

తవుడు తరిగిపోతున్నది. ఆ తరువాతి బుధవారం నాడు కబేళాకు తోలే వ్యాపారి లారీ వచ్చింది. బేరం చెల్లెలే మాట్లాడింది; ఆయన ఇంట్లోనుంచి కదలలేదు. చెక్కపలక మీదుగా ఒక్కొక్క ఆవును లారీలోకి ఎక్కించారు. అవి ఎదురు తిరగలేదు. లారీలో పరిచిన ఎండుగడ్డి వాసనకు తామంతట తామే నడిచి ఎక్కాయి. వంకరకొమ్ము పలక దగ్గరికి వచ్చి, ముందుకాలు పెట్టి, జారి మోకరిల్లింది.

"ఇది ఎక్కేసరికి నా టైర్లు ఎండకి పగిలిపోతాయి," అన్నాడు వ్యాపారి. "దీన్ని మీరే ఉంచుకోండమ్మా. దీని ఎముకల గలగలకి మిగతావి బెదిరిపోతాయి."

లారీ మలుపు తిరిగేదాకా చెల్లెలు చూసి, పలుపు పట్టుకుని దానిని వెనక్కి నడిపించుకు వచ్చింది. పాకలో ఎనిమిది గుంజలు ఖాళీగా ఉన్నాయి. తొమ్మిదింటికి ఆరు రోజులు మాత్రమే వచ్చే తవుడు ఇప్పుడు ఒక్కదానికి దాదాపు రెండు నెలలు వస్తుంది.

నిక్కచ్చి పార భుజాన వేసుకుని వాగు ఒడ్డుకు వెళ్లాడు. మేనల్లుడు వస్తానన్నాడు గాని, తెరిచినవాటిని అలా ఉంచి ఎన్నాళ్లని ఎదురుచూస్తాడు? మొదటి గోతిలో, కొమ్మూ పుర్రే ఉన్న వైపు మెల్లగా, మట్టి పెళ్లలు తగలకుండా, పొడి మట్టి మాత్రమే రాల్చసాగాడు. పొద్దు వాలేసరికి రెండు గోతులు నిండాయి.

చెల్లెలు మంచినీళ్ల చెంబు తెచ్చి గట్టున పెట్టింది.

"తాగిందా?" అన్నాడు ఆయన, తల ఎత్తకుండానే.

"తాగింది. ఇంకా కావాలని గిన్నెతో కొట్లాడుతోంది."

ఆయన పార మట్టిలో గుచ్చి, దాని పిడిపై రెండు చేతులూ ఆన్చి నిలబడ్డాడు.

"ఇంకొంచెం పొయ్యి."

"నువ్వొచ్చి పొయ్యవా?"

"దాని మొహం చూడడం నా వల్ల కాదే."

ఆమె చెంబు ఆయనకు దగ్గరగా జరిపి, పాక వైపు నడిచింది. ఆయన మూడవ గోతి అంచుకు జరిగి పార ఎత్తాడు.